సెపరేట్లీ ఎక్సైటెడ్ డీసీ మోటార్: ముందు ఫీల్డ్, ఆ తర్వాతే ఆర్మేచర్

డీసీ మోటార్లలో దీనికి ఉన్న ప్రత్యేకత ఒక్కటే: ఫీల్డ్ వైండింగ్‌కి (కదలకుండా ఉండి అయస్కాంతాన్ని పుట్టించే చుట్టకి) ఒక సప్లై, ఆర్మేచర్‌కి (తిరిగే భాగానికి) వేరే సప్లై. షంట్ మోటార్‌లో రెండూ ఒకే సప్లై మీద ఉంటాయి కాబట్టి స్పీడ్ తగ్గిద్దామని వోల్టేజి తగ్గిస్తే ఫీల్డ్ కూడా దాంతోపాటే పడిపోతుంది. సిరీస్ మోటార్‌లో లోడు లాగే కరెంటే ఫీల్డ్ కరెంటు, కాబట్టి ఫీల్డ్ మీద మనకు చెప్పుకోదగ్గ పట్టు ఉండదు. ఇక్కడ మాత్రం అయస్కాంత బలం ఎంత కావాలో ఒక చోట, ఆర్మేచర్‌కి ఎంత వోల్టేజి వెళ్ళాలో ఇంకో చోట విడివిడిగా సెట్ చేసుకోవచ్చు. ఈ మోటార్ పనితీరు బాగుండడానికి కారణం అదే, ఫీల్డ్ సంగతి మర్చిపోతే మోటార్ చెయ్యి దాటిపోవడానికి కారణం కూడా అదే.

ల్యాబ్‌లో మొదటిసారి దీని ముందు నిలబడ్డవాళ్ళకీ, పాత డ్రైవ్ (మోటార్‌కి వెళ్ళే వోల్టేజినీ కరెంటునీ సర్దే ఎలక్ట్రానిక్ పరికరం) ఉన్న మిషన్ మెయింటెనెన్స్ నెత్తిన పడ్డవాళ్ళకీ పనికొచ్చేలా, తీగలు కలపడం నుంచి మోటార్ ఆపడం దాకా వరసగా చెప్తాను.

మూడు లెక్కలు వస్తే చాలు

మొదటిది టార్క్. ఫీల్డ్ ఫ్లక్స్‌ని, అంటే అయస్కాంత బలాన్ని, ఆర్మేచర్ కరెంటుతో గుణించి, మోటార్ నిర్మాణాన్ని బట్టి వచ్చే ఒక స్థిరాంకం పెడితే టార్క్ వస్తుంది. రెండోది బ్యాక్ ఈఎంఎఫ్. ఆర్మేచర్ తిరుగుతున్నంతసేపూ అది జనరేటర్ లాగా కూడా పనిచేస్తుంది, అలా పుట్టే వోల్టేజి సప్లైకి ఎదురు నిలబడుతుంది. ఫ్లక్స్ ఇంటూ స్పీడ్, మళ్ళీ అదే స్థిరాంకం. మూడోది రెండింటినీ కలిపేది: ఇచ్చిన వోల్టేజిలోంచి బ్యాక్ ఈఎంఎఫ్ తీసేస్తే మిగిలింది ఆర్మేచర్ రెసిస్టెన్స్‌లో పడుతుంది, ఆ మిగిలినదాన్ని రెసిస్టెన్స్‌తో భాగిస్తే కరెంటు.

లెక్కకి ఒక మోటార్ అనుకుందాం. ఆర్మేచర్ 220 వోల్టులు, 20 ఆంపియర్లు, 1500 ఆర్‌పీఎం, ఆర్మేచర్ రెసిస్టెన్స్ అర ఓమ్. ఫీల్డ్ 220 వోల్టులకి 1 ఆంపియర్. పూర్తి లోడులో ఆర్మేచర్ లోపల పడేది 10 వోల్టులు (బ్రష్‌ల దగ్గర పడే కాస్త వోల్టేజిని లెక్కలో వదిలేస్తున్నాం), అంటే బ్యాక్ ఈఎంఎఫ్ 210. దీన్నిబట్టి ఈ మోటార్ పూర్తి ఫీల్డ్‌లో ప్రతి 1000 ఆర్‌పీఎంకి 140 వోల్టులు పుట్టిస్తుందన్నమాట. 210ని 20తో గుణిస్తే 4200 వాట్లు యాంత్రిక శక్తిగా మారుతోంది, దాన్ని సెకనుకి 157 రేడియన్లతో భాగిస్తే టార్క్ 26.7 న్యూటన్ మీటర్లు. ఇందులో బేరింగ్‌లు, బ్రష్‌ల రాపిడి, ఐరన్ నష్టాలు పోగా మిగిలిందే షాఫ్ట్ మీద చేతికొస్తుంది.

ఇప్పుడు లోడు తీసేశారు. కరెంటు దాదాపు సున్నాకి వస్తే బ్యాక్ ఈఎంఎఫ్ 220 దాకా పెరగాలి, స్పీడ్ 1571 దగ్గర ఆగుతుంది. మళ్ళీ లోడు వేస్తే స్పీడ్ కొంచెం తగ్గుతుంది, బ్యాక్ ఈఎంఎఫ్ కొంచెం తగ్గుతుంది, ఆ కాస్త తేడాకే కరెంటు సున్నా నుంచి 20కి వెళ్తుంది, టార్క్ వచ్చేస్తుంది. ఎవరూ చెప్పక్కర్లేదు, మోటార్ తనంతట తనే సర్దుకుంటుంది. ఖాళీగా తిరిగినప్పటికీ పూర్తి లోడుకీ స్పీడ్‌లో తేడా 71 ఆర్‌పీఎం, నాలుగున్నర శాతం. గ్రాఫ్ గీస్తే దాదాపు సరళరేఖ, కొద్దిగా కిందికి వాలి ఉంటుంది.

తీగలు కలిపే ముందు

టెర్మినల్ బాక్స్ తెరవగానే అక్షరాలు చూడండి. ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) పద్ధతిలో ఏ1, ఏ2 ఆర్మేచర్; ఎఫ్1, ఎఫ్2 సెపరేట్ ఫీల్డ్; ఇంటర్‌పోల్స్ (బ్రష్‌ల దగ్గర స్పార్క్ తగ్గించడానికి మెయిన్ పోల్స్ మధ్య పెట్టే చిన్న పోల్స్) విడిగా బయటికి తెస్తే అవి బీ1, బీ2. డీ1, డీ2 కనిపిస్తే లోపల సిరీస్ వైండింగ్ కూడా ఉందని అర్థం, దాన్ని ఏం చేయాలో తేలేదాకా ముందుకి వెళ్ళకండి. ఎందుకంటే రివర్స్‌లో తిప్పినప్పుడు ఆర్మేచర్‌తో పాటు దాంట్లో కూడా కరెంటు దిశ మారితే అది మెయిన్ ఫీల్డ్‌ని బలపరచడానికి బదులు తగ్గించేస్తుంది. అక్షరాలు చెరిగిపోయి ఉంటే ఓమ్‌లు కొలిస్తే తెలిసిపోతుంది: ఆర్మేచర్ ఒక ఓమ్‌కి అటూఇటూ, ఫీల్డ్ సాధారణంగా పదుల నుంచి వందల ఓమ్‌లు.

ఆర్మేచర్ రెసిస్టెన్స్‌ని మామూలు మల్టీమీటర్‌తో కొలిచి ఆ అంకె నమ్మడం దండగ. అర ఓమ్ దగ్గర ప్రోబ్ వైర్ల రెసిస్టెన్సే పెద్ద వాటా తినేస్తుంది, పైగా షాఫ్ట్ చేత్తో మెల్లగా తిప్పుతుంటే బ్రష్ (ఆర్మేచర్‌కి కరెంటు అందించే కార్బన్ ముక్క) కమ్యుటేటర్ మీద ఒక సెగ్మెంట్, అంటే ఒక రాగి పట్టీ, మీంచి ఇంకోదాని మీదికి జారినప్పుడల్లా అంకె గెంతుతుంది. ఫీల్డ్ ఆపేసి, షాఫ్ట్ కదలకుండా గట్టిగా బిగించి, తక్కువ వోల్టేజి డీసీ సప్లైతో ఆర్మేచర్‌కి 10 ఆంపియర్లు పంపి టెర్మినల్స్ మీద వోల్టేజి చూడండి, తర్వాత 20 పంపి చూడండి. మన మోటార్‌కి మొదట 7 వోల్టులు, తర్వాత 12 వచ్చాయనుకోండి. కార్బన్ బ్రష్‌ల దగ్గర రెండువైపులా కలిపి సుమారు 2 వోల్టులు పడుతుంది, అది కరెంటు పెరిగినా పెద్దగా మారదు కాబట్టి తేడా తీసుకుంటే ఆ 2 ఎగిరిపోతుంది: 5 వోల్టులు బై 10 ఆంపియర్లు, అర ఓమ్. రోటర్‌ని మూడు నాలుగు స్థానాల్లో పెట్టి ఇలాగే చేసి సగటు తీసుకోండి. కదలని కమ్యుటేటర్ మీద ఒకేచోట కరెంటు ఎక్కువసేపు పంపితే ఆ సెగ్మెంట్లు కాలిపోతాయి, రీడింగ్ రాగానే ఆపేయండి.

తర్వాత మెగ్గర్, అంటే ఇన్సులేషన్ కొలిచే మీటర్. 500 వోల్టుల మీద ఆర్మేచర్‌కీ బాడీకీ మధ్య, ఫీల్డ్‌కీ బాడీకీ మధ్య, ఆర్మేచర్‌కీ ఫీల్డ్‌కీ మధ్య ఇన్సులేషన్ చూడాలి. డ్రైవ్ వైర్లు విప్పేసి మాత్రమే, లేకపోతే మెగ్గర్ వోల్టేజికి డ్రైవ్ పోతుంది. కార్బన్ పొడి పేరుకున్న మోటార్‌లో ఈ రీడింగ్ తక్కువ వస్తే బ్రష్ హోల్డర్ల చుట్టూ వ్యాక్యూమ్‌తో లాగేసి మళ్ళీ కొలవండి. ఎయిర్ కొట్టారంటే ఆ పొడి వైండింగ్ లోపలికే పోతుంది.

స్టార్ట్ చేసే క్రమం

ముందు ఫీల్డ్ ఆన్ చేయండి. ఆన్ చేశాం కదా అని వదిలేయకుండా, ఫీల్డ్ ఆమ్మీటర్‌లో నేమ్‌ప్లేట్ మీదున్న కరెంటు నిజంగా వస్తోందా లేదా కళ్ళతో చూడండి. వోల్ట్‌మీటర్ చూస్తే సరిపోదు, వైండింగ్ తెగిపోయినా వోల్టేజి నిక్షేపంగా 220 చూపిస్తుంది. ఫీల్డ్‌కి ఇండక్టెన్స్ చాలా ఎక్కువ కాబట్టి కరెంటు స్విచ్ వేసిన వెంటనే పూర్తిగా రాదు, మెల్లగా ఎక్కుతుంది, పెద్ద మోటార్లలో దీనికి ఒకటి రెండు సెకన్లు కూడా పడుతుంది. అది నిలకడగా నిలబడ్డాకే ఆర్మేచర్ వైపు చెయ్యి పెట్టాలి.

ఆర్మేచర్‌ని నేరుగా 220 వోల్టుల మీద పెడితే ఏమవుతుందో లెక్కే చెప్తుంది. తిరగడం లేదు కాబట్టి బ్యాక్ ఈఎంఎఫ్ లేదు, 220ని అర ఓమ్‌తో భాగిస్తే 440 ఆంపియర్లు, రేటింగ్‌కి 22 రెట్లు. ఫ్యూజ్ పోకముందే కమ్యుటేటర్ మీద నిప్పులు లేస్తాయి. మార్చుకోగల సప్లై ఉంటే సున్నా నుంచి మెల్లగా పెంచండి, డ్రైవ్ అయితే కరెంట్ లిమిట్ ఉంటుంది, దాన్ని ఒకటిన్నర రెట్ల దగ్గర పెట్టడం మామూలు పద్ధతి. ఏదీ లేక స్థిరమైన 220 వోల్టులే ఉంటే వరసలో రెసిస్టెన్స్ పెట్టాలి: 30 ఆంపియర్లు దాటకూడదనుకుంటే మొత్తం 7.33 ఓమ్‌లు కావాలి, ఆర్మేచర్ అర ఓమ్ పోగా బయట 6.83. స్పీడ్ పెరిగేకొద్దీ దాన్ని మెట్లు మెట్లుగా తీసేస్తూ పోవాలి.

స్పీడ్ మార్చడం

ఈ మోటార్ అసలు అందం ఇక్కడే ఉంది. నేమ్‌ప్లేట్ మీదున్న స్పీడ్ కంటే తక్కువ కావాలంటే ఫీల్డ్ ముట్టుకోకుండా ఆర్మేచర్ వోల్టేజి తగ్గించండి. 110 వోల్టులు ఇస్తే పూర్తి లోడులో బ్యాక్ ఈఎంఎఫ్ 100, స్పీడ్ 714. ఫ్లక్స్ అలాగే ఉంది, కరెంటు 20 దాకా తీసుకోవచ్చు, కాబట్టి టార్క్ మాత్రం అదే 26.7. స్పీడ్ సగానికి తగ్గినా లాగే బలం తగ్గలేదు, క్రేన్‌లకీ రోలింగ్ మిల్లులకీ ఇది నచ్చింది అందుకే.

1891లో హ్యారీ వార్డ్ లియొనార్డ్ తెచ్చిన పద్ధతి కూడా ఇదే సూత్రం మీద నడిచింది. ఒక మోటార్‌తో డీసీ జనరేటర్‌ని తిప్పి, ఆ జనరేటర్ చిన్న ఫీల్డ్ కరెంటుని సర్దుతూ మన మోటార్ ఆర్మేచర్‌కి కావలసిన వోల్టేజి ఇచ్చేవారు. ఒక్క మోటార్ స్పీడ్ మార్చడానికి ఇంకో రెండు మిషన్లు! అయినా లిఫ్టులు, గని హాయిస్టులు దశాబ్దాలపాటు దాని మీదే నడిచాయి, తర్వాత థైరిస్టర్ (ఒక రకం ఎలక్ట్రానిక్ స్విచ్) డ్రైవ్‌లు వచ్చి ఆ స్థలమంతా ఖాళీ చేశాయి.

తక్కువ స్పీడ్‌లో రెండు ఇబ్బందులున్నాయి. మొదటిది, ఖాళీకీ పూర్తి లోడుకీ ఉన్న ఆ 71 ఆర్‌పీఎం తేడా వోల్టేజి తగ్గించినా తగ్గదు. 1571 మీద 71 పడితే ఎవరికీ తెలియదు; 20 వోల్టులు ఇస్తే ఖాళీగా 143, పూర్తి లోడు వేస్తే 71, అంటే స్పీడ్ సగం మాయం. అందుకే నెమ్మదిగా, నిలకడగా తిరగాలంటే షాఫ్ట్‌కి స్పీడ్ కొలిచే టాకో జనరేటర్ గానీ ఎన్‌కోడర్ గానీ పెట్టి డ్రైవ్‌కి ఫీడ్‌బ్యాక్ ఇవ్వాలి. టాకో లేకపోతే డ్రైవ్‌లో ఐఆర్ కాంపెన్సేషన్ అని ఉంటుంది, కరెంటు పెరిగినప్పుడు వోల్టేజి కొంచెం పెంచుతుంది. దాన్ని అత్యాశతో ఎక్కువ పెంచితే మోటార్ స్పీడ్ నిలవకుండా పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది, అప్పుడు కొంచెం వెనక్కి తగ్గించండి.

రెండోది వేడి. షాఫ్ట్ మీదే ఫ్యాన్ ఉన్న మోటార్‌ని 300 ఆర్‌పీఎంలో పూర్తి టార్క్‌తో నడిపితే ఆర్మేచర్‌లో ఆ 200 వాట్ల నష్టం అలాగే ఉంటుంది గానీ గాలి ఉండదు. వేరే మోటార్‌తో తిరిగే బ్లోయర్ పెట్టాలి, లేదా లోడు తగ్గించుకోవాలి.

ఇక 1500 దాటాలంటే ఆర్మేచర్ వోల్టేజి ఇంక పెంచలేం, ఫీల్డ్ తగ్గించాలి. కొత్తవాళ్ళకి ఇక్కడే తిరకాసుగా ఉంటుంది: అయస్కాంతం బలహీనపడితే స్పీడ్ పెరగడమేంటి? ఫ్లక్స్ తగ్గగానే బ్యాక్ ఈఎంఎఫ్ పడిపోతుంది, దాంతో కరెంటు ఎగబాకుతుంది. ఫ్లక్స్ తగ్గిన దానికంటే కరెంటు పెరిగింది చాలా ఎక్కువ కాబట్టి టార్క్ పెరిగి మోటార్ వేగం అందుకుంటుంది, బ్యాక్ ఈఎంఎఫ్ మళ్ళీ పాత స్థాయికి చేరేదాకా. ఫ్లక్స్ 70 శాతానికి దించితే 20 ఆంపియర్ల దగ్గర స్పీడ్ 2143, టార్క్ 18.7. బండికి పై గేర్ వేసినట్టు: వేగం వచ్చింది, లాగే బలం తగ్గింది, పవర్ మాత్రం అదే. ఫీల్డ్ కరెంటు 70 శాతం చేస్తే ఫ్లక్స్ కూడా కచ్చితంగా 70 శాతం అవుతుందనుకోకండి, ఇనుము సాచురేషన్‌లో (కరెంటు పెంచినా ఫ్లక్స్ పెద్దగా పెరగని స్థితిలో) ఉంటుంది కాబట్టి మొదట్లో కరెంటు తగ్గించినంతగా ఫ్లక్స్ తగ్గదు.

ఎంత దాకా పోవచ్చు? నేమ్‌ప్లేట్ మీద 1500/2500 లాగా రెండు అంకెలుంటే రెండోదే హద్దు. ఒక్క అంకే ఉంటే తయారీదారు కాగితాల్లో గరిష్ఠ స్పీడ్ చూడకుండా ఫీల్డ్ తగ్గించొద్దు. ఆర్మేచర్ చివర్లలో చుట్టలు బయటికి విసిరేయబడకుండా పట్టుకునేది ఒక కట్టు మాత్రమే, పైగా స్పీడ్ పెరిగే కొద్దీ కమ్యుటేషన్ కష్టమై బ్రష్‌ల కింద స్పార్క్ పెరుగుతుంది.

ఇంకో సంగతి ల్యాబ్ రిపోర్టుల్లో తరచూ తికమక పెడుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు, గంట నడిచాక, ఒకే వోల్టేజికి స్పీడ్ ఒకేలా ఉండదు. ఫీల్డ్ వైండింగ్ 70 డిగ్రీలు వేడెక్కితే రాగి రెసిస్టెన్స్ సుమారు 27 శాతం పెరుగుతుంది, 220 ఓమ్‌లు 279 అవుతాయి, 1 ఆంపియర్ కాస్తా 0.79కి పడుతుంది. ఫ్లక్స్ కొంచెం తగ్గి స్పీడ్ కొంచెం పెరుగుతుంది. రీడింగ్‌లు సరిపోలాలంటే ఫీల్డ్‌ని వోల్టేజితో కాదు, కరెంటుతో సెట్ చేయండి, ప్రతి రీడింగ్‌కి ముందు ఒకసారి సరిచూసుకోండి.

ఫీల్డ్ పోతే

నడుస్తుండగా ఫీల్డ్ వైరు ఊడింది. ఇనుములో మిగిలే ఫ్లక్స్ మామూలుదాంట్లో 5 శాతం అనుకుందాం. బ్యాక్ ఈఎంఎఫ్ 210 నుంచి పదిన్నరకి కూలుతుంది, కరెంటు 400 దాటుతుంది. అంత కరెంటుకీ వచ్చే టార్క్ 28 న్యూటన్ మీటర్లు, అంటే పూర్తి లోడు మీద ఉంటే మోటార్ పెద్దగా వేగం పుంజుకోకుండానే కాలిపోవచ్చు, ఆర్మేచర్ ఫ్యూజ్ పోతే అదృష్టం. ఖాళీగా ఉంటేనే అసలు భయం. ఆపే లోడు లేదు, 5 శాతం ఫ్లక్స్‌తో అది చేరుకోవాలని చూసే స్పీడ్ 31 వేల ఆర్‌పీఎం. అక్కడిదాకా చేరదు, అంతకుముందే ఆర్మేచర్ ముక్కలవుతుంది.

కాబట్టి ఫీల్డ్ సర్క్యూట్‌లో ఫ్యూజ్ పెట్టి ఊరుకోకండి, ఫ్యూజ్ పోయిందంటే పరిస్థితి ఇంకా చెడ్డది. ఫీల్డ్ కరెంటుని చూస్తూ ఉండే రిలే పెట్టి, అది పడగానే ఆర్మేచర్ సప్లై తెగేలా ఇంటర్‌లాక్ చేయాలి. డ్రైవ్‌లో ఫీల్డ్ లాస్ ట్రిప్ ఉంటే దాన్ని ఎవరైనా ఆఫ్ చేసి పెట్టారేమో చూడండి, మాటిమాటికీ ట్రిప్ అవుతోందని విసుగొచ్చి ఆ పని చేసేవాళ్ళుంటారు. ల్యాబ్‌లో ఫీల్డ్ రియోస్టాట్ (మార్చుకోగల రెసిస్టెన్స్) వాడుతుంటే స్టార్ట్ చేసేముందు దాని రెసిస్టెన్స్ కనిష్ఠంలో ఉండాలి. ఆర్మేచర్ రియోస్టాట్ అందుకు పూర్తిగా ఉల్టా, గరిష్ఠంలో.

ఫీల్డ్ ఆపేటప్పుడు కూడా స్విచ్ టక్కున తెరవకూడదు. అందులో దాచుకున్న శక్తి ఎక్కడికీ పోలేక వేల వోల్టుల స్పైక్‌గా లేస్తుంది, ఆ దెబ్బకి ఇన్సులేషన్ పోతుంది. ఫీల్డ్‌కి అడ్డంగా ఫ్రీవీలింగ్ డయోడ్ గానీ డిశ్చార్జ్ రెసిస్టర్ గానీ ఉందో లేదో ముందే చూసుకోండి.

దిశ మార్చడం, ఆపడం

రివర్స్ కావాలంటే ఆర్మేచర్ తీగలు తారుమారు చేయొచ్చు, లేదా ఫీల్డ్ తీగలు. రెండూ చేస్తే ఏమీ మారదు. నా ఓటు ఆర్మేచర్‌కే: ఫీల్డ్ దిశ మార్చేటప్పుడు ఫ్లక్స్ సున్నా మీదుగా వెళ్ళాలి, ఆ క్షణంలో ఆర్మేచర్‌కి సప్లై ఉంటే పైన చెప్పిన కథే మళ్ళీ. ఏది మార్చినా మోటార్ ఆగాకే.

ఆపడానికి తేలికైనది డైనమిక్ బ్రేకింగ్. ఆర్మేచర్‌ని సప్లై నుంచి విడదీసి ఒక రెసిస్టర్ మీద పెట్టాలి, ఫీల్డ్ మాత్రం ఆన్‌లోనే ఉంచాలి. 210 వోల్టుల బ్యాక్ ఈఎంఎఫ్‌కి 30 ఆంపియర్లు కావాలంటే బయట 6.5 ఓమ్‌లు. స్పీడ్ పడేకొద్దీ బ్రేక్ కూడా బలహీనపడుతుంది, నిలబెట్టి పట్టుకోలేదు, వేలాడే బరువు ఉంటే మెకానికల్ బ్రేక్ తప్పనిసరి. నాలుగు క్వాడ్రంట్ల డ్రైవ్ (రెండు దిశల్లోనూ తిప్పగలిగి, బ్రేక్ కూడా వేయగలిగేది) ఉంటే ఆ శక్తిని సప్లైకే తిప్పి పంపొచ్చు. ఇక ప్లగ్గింగ్, అంటే తిరుగుతుండగానే వోల్టేజి తిరగేయడం: 220కి 210 తోడై 430 వోల్టులు ఆర్మేచర్ మీద పడతాయి, 30 ఆంపియర్లకి పరిమితం చేయడానికి 13.8 ఓమ్‌లు పెట్టాలి, ఆగిన క్షణంలో సప్లై తీయకపోతే వెనక్కి తిరగడం మొదలుపెడుతుంది. అత్యవసరమైతే తప్ప నేనైతే సిఫార్సు చేయను.

కమ్యుటేటర్ ఏం చెప్తోంది

మోటార్ ఆపి, సప్లై తీసేసి, కవర్ తెరిచి కమ్యుటేటర్ చూడండి. చాక్లెట్ రంగులో సమానంగా పూత పట్టి ఉంటే బాగున్నట్టే, మెరిసిపోవాలని గీకి ఆ పూత తీసేయకండి. కొన్ని సెగ్మెంట్లే నల్లగా, ఒక వరసలో కాలినట్టుంటే ఆర్మేచర్‌లో చుట్ట తెగిందో, సెగ్మెంట్ దగ్గర జాయింట్ వదిలిందో చూడాలి. లోడు పెంచితే స్పీడ్ తగ్గాల్సింది పోయి పెరుగుతోందంటే ఆర్మేచర్ రియాక్షన్ (ఆర్మేచర్ కరెంటు పుట్టించే అయస్కాంతం మెయిన్ ఫీల్డ్‌ని చెదరగొట్టడం) వల్ల ఫ్లక్స్ తగ్గుతోందన్నమాట. అప్పుడు బ్రష్ రాకర్ (బ్రష్‌లని పట్టుకునే చట్రం) న్యూట్రల్ గుర్తు నుంచి జరిగిందేమో చూడండి. థైరిస్టర్ డ్రైవ్ మీద ఫీడ్‌బ్యాక్ లేకుండా నడుస్తూ, చాలా తక్కువ లోడులో మాత్రమే స్పీడ్ పైకి గెంతుతుంటే అది మోటార్ తప్పు కాదు, కరెంటు మధ్యమధ్యలో తెగి తెగి వస్తోంది. ఆర్మేచర్ వరసలో చోక్ (కరెంటు ఒడుదుడుకులని అణచే కాయిల్) పెడితే తగ్గుతుంది. అదే చోక్ రిపుల్‌ని, అంటే కరెంటులోని అలల్ని, కూడా తగ్గిస్తుంది కాబట్టి మోటార్ కొంచెం చల్లగా నడుస్తుంది.

ఆపేసే క్రమం స్టార్ట్ చేసిన క్రమానికి తిరగబెట్టి: ముందు ఆర్మేచర్ వోల్టేజి సున్నాకి తెచ్చి, షాఫ్ట్ పూర్తిగా ఆగిందని చూసుకుని, ఆ తర్వాత ఫీల్డ్. కాసేపట్లో మళ్ళీ స్టార్ట్ చేయాల్సి ఉండి ఫీల్డ్ ఆన్‌లోనే వదిలేస్తే, గాలి లేకుండా ఆ 220 వాట్లు లోపలే వేడిగా పేరుకుంటాయి. చాలా డ్రైవ్‌లలో దీనికి ఫీల్డ్ ఎకానమీ అనే సెట్టింగ్ ఉంటుంది, ఆగిన కొద్దిసేపటికి కరెంటుని తగ్గించేస్తుంది. సగానికి తగ్గిస్తే వేడి నాలుగో వంతుకి పడి 55 వాట్లు అవుతుంది, తేమ పట్టకుండా మోటార్‌ని వెచ్చగా ఉంచడానికి అది సరిపోతుంది.